రెండో నంబరు

"అమ్మా, మీ ఖాతాలో ఇంకో నంబరు ఉంది. తీసేయండి."

పార్సిల్ చేతికిస్తూ డెలివరీ ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

తలుపు తీసిన నర్సుకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ఆర్నెల్లుగా ఏదీ సరిగ్గా రావడం లేదు.

"నా ఖాతాలో ఏముందో మీకెందుకండీ?"

"మాకు కనిపిస్తుందమ్మా. అసలు సంగతేంటంటే..."

"పార్సిల్ ఇచ్చారుగా. వెళ్లండి."

నెరిసిన మీసం, నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసం. ఆయన ఇంకేదో చెప్పబోయి, తల గోక్కుని మెట్లు దిగిపోయాడు.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అనుకుంది.

మొగుడి దెబ్బలకు తాళలేక ఆమె కట్టుబట్టలతో బయటపడింది. ఊరు మార్చింది, ఉద్యోగం మార్చింది, పాత సిమ్మును మురిక్కాలవలో పడేసింది. సరుకులు తెప్పించుకునే ఖాతాను మాత్రం మార్చలేదు. మందుల జాబితా, చెప్పుల సైజుతో సహా అన్నీ అందులోనే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి ఎవరు ఎక్కిస్తారు?

రెండో నంబరంటే తన పాత సిమ్ముదే అయ్యుంటుందని చూడను కూడా లేదు.

మగవాళ్లంటేనే ఆమెకు దడ. తన వివరాలు తవ్వే మగవాడంటే మరీను.

ఒక్క స్టార్ ఇచ్చింది. 'నా సొంత విషయాల్లో తలదూరుస్తున్నాడు' అని రాసింది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. చింతిస్తున్నాం, ఆయన ఇక మీ ఇంటికి రాడు.

చదివి, టీ పెట్టుకుంది.

వారం తర్వాత కొత్తతను వచ్చాడు. చలాకీ మనిషి. మాటా పలుకూ లేకుండా పార్సిల్ గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఇలా ఉండాలి అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీసింది.

మొగుడు.

అరవాలనుకుంది. అరుపు రాలేదు. భయం కూడా రాలేదు. కాళ్లూ చేతులూ ఎవరివో అన్నట్టున్నాయి.

"నీ పార్సిల్ బయల్దేరినప్పుడల్లా నా ఫోనుకీ మెసేజ్ వస్తుందే పిచ్చిదానా," అన్నాడు లోపలికి అడుగుపెడుతూ. "డెలివరీవాడి నంబరుతో సహా. నా నంబరు ఖాతాలో పెట్టింది నువ్వే కదా, కాపురానికొచ్చిన కొత్తల్లో."

ఆమె చెయ్యి ఇంకా తలుపు గడియ మీదే ఉంది.

"కొత్తవాణ్ణి ఒక్కసారి అడిగాను. తలుపు దాకా దారి చెప్పాడు."

కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"అంతకుముందు వచ్చే ఆ ముసలాడున్నాడే! ఆర్నెల్లు బతిమాలాను, తిట్టాను, చంపుతానన్నాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే మాట, 'ఆ అడ్రసులో అలాంటావిడ ఎవరూ లేరు సార్, పార్సిల్ వాపసు పంపేశాను' అని."