మలుపుకో దెబ్బ

టక్.

పలకలాయన పళ్ళు కొరికాడు. మెషీన్ ఇలా మొదలైందో లేదో, అప్పుడే కింది వాటాలోంచి గోడ మీద దెబ్బ.

టక్. టక్.

“విన్నావా? మొదలెట్టింది మహాతల్లి!” అన్నాడు భార్యతో.

మహాతల్లి అంటే ఇంటాయన తల్లి. వీళ్ళు అద్దెకు దిగేసరికే ఆవిడ మంచం పట్టి ఉంది. ఆవిడ గది సరిగ్గా మెషీన్ గది కిందే.

చెక్కపలకల మీద ఇళ్ళవాళ్ళ పేర్లు చెక్కి ఇస్తాడు కాబట్టి ఆయన వీధికంతా పలకలాయన. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మెషీనే దిక్కు. ఏదో దేశంలో సరదాకి చెక్కుకునేవాళ్ళ కోసం తయారైన బుల్లి సీఎన్‌సీ మెషీన్ అది. కంప్యూటర్ ఎలా చెబితే అలా చెక్కుతుంది. ఎవరి సరదానో ఈ ఇంట్లో పొయ్యి వెలిగిస్తోంది.

చిక్కల్లా దాని గొంతుతోనే. చెక్కే మోటారుకి చుట్టూ పెట్టె కట్టి ఆ గోల తగ్గించాడు. కానీ దాన్ని అటూ ఇటూ నడిపే మోటార్లున్నాయే, అవి మాత్రం గీ... గుయ్... గీ... గుయ్... అని రాగం తీస్తూనే ఉంటాయి. ఆ రాగం బల్లలోంచి నేలలోకి, నేలలోంచి కిందికి దిగుతుంది.

మెషీన్ ఆ చివరికి వెళ్ళి మలుపు తిరిగితే కింద ఒక దెబ్బ. ఈ చివరికి వచ్చి తిరిగితే ఇంకో దెబ్బ. మెషీన్ ఆగితే దెబ్బలూ ఆగుతాయి.

“ఎంత కసి లేకపోతే మలుపు మలుపుకీ కొడుతుంది?”

మొదట్లో చెంచాతో తట్టినట్టు వినీ వినపడనట్టుండేది. వారం వారం ముదిరింది. ఇప్పుడు రోకటిపోటే.

కుక్క మొరుగుతోందని పాత అద్దెవాళ్ళని ఇంటాయన నెల తిరక్కుండా ఖాళీ చేయించాడని పక్కింటివాళ్ళు చెప్పారు. అప్పట్నుంచి పలకలాయన వెనక మెట్ల మీంచే దిగుతున్నాడు. అయినా ఒకరోజు పట్టుబడనే పట్టుబడ్డాడు.

“నిన్న మెషీన్ వెయ్యలేదేమండీ?” అని నవ్వుతూ అడిగాడు ఇంటాయన. “ఇవాళ ఎన్నింటికి వేస్తారు?”

పలకలాయనకి ఒళ్ళు మండిపోయింది. పైకొచ్చి కూర్చోలేదు, నిలబడలేదు.

“ఎలా దెప్పుతున్నాడో చూశావా! తిట్టినా బాగుండేది. నవ్వుతాడు!”

“మామూలుగానే అడిగాడేమో. మీకన్నీ అనుమానాలే. ఒక్కసారి కిందికెళ్ళి ఆ పెద్దావిడని పలకరించి రండి.”

“కొరివితో తల గోక్కోమంటావా? వెళ్ళగానే ఎప్పుడు ఖాళీ చేస్తారంటాడు. ఈ గోల మెషీన్‌తో మనకి ఇంకెవరిస్తారే ఇల్లు? నువ్వు కూడా వెళ్ళకు.”

నిజమే, మూడిళ్ళవాళ్ళు మెషీన్ మాట వినగానే తలుపేశారు.

చివరికి తెగించాడు. గోలంతా పాత కంట్రోలర్ వల్లే. అది మోటార్లని కుదిపి కుదిపి నడుపుతుంది. కొత్తరకం పెడితే అవే మోటార్లు చడీచప్పుడూ లేకుండా తిరుగుతాయట. తెప్పించాడు.

అదే కొని తెచ్చుకున్న తద్దినం. పాత వైర్లు కొత్త దాంట్లో దూరవు. దూరినవాటి రంగులు కలవవు. పుస్తకం చూద్దామంటే ఒక్క ముక్క అర్థమయ్యే భాష కాదు. బొమ్మలు చూసి బిగిస్తే, ఎడమకి పొమ్మంటే కుడికి పోయింది. అది సరిచేస్తే, ముందుకు పొమ్మంటే ఉన్నచోటే నిలబడి వణికింది. మర్నాడు చిటుక్కుమని పొగ వచ్చి ఒక ముక్క మాడిపోయింది. అలాంటిది ఇంకోటి వచ్చేసరికి పదిరోజులు. పలకలు ఎప్పుడిస్తారని ఫోన్లు చేసేవాళ్ళకి సాకులు చెప్పలేక తల ప్రాణం తోకకి వచ్చింది.

స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు.

“గోడకి సొట్ట పడితే ఇంటాయన దానికీ అంటాడు,” అంది భార్య.

“పడితే నా వల్ల కాదు, కిందావిడ వల్లని చెబుతా!”

ఆ పదిరోజులూ కింద నిశ్శబ్దం. ఇంటాయన మాత్రం రెండుసార్లు పైకొచ్చి తలుపు తట్టాడు. రెండుసార్లూ మొగుడూ పెళ్ళాం ఇంట్లో లేనట్టు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

పదకొండో రోజు పొద్దున మెషీన్ కదిలింది. ఆ చివరికి వెళ్ళింది, తిరిగింది, ఈ చివరికి వచ్చింది. చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. పలకలాయన నేలకి చెవి ఆనించి విన్నాడు. ఒక్క దెబ్బా లేదు. ఆనందం పట్టలేక పాత కంట్రోలర్‌ని డాబా మీద పెట్టి సుత్తితో నుగ్గునుగ్గు చేశాడు. ఇన్నాళ్ళ కసీ తీరింది. చాన్నాళ్ళ తర్వాత ముందు మెట్ల మీంచి దర్జాగా దిగి ఇంటాయన తలుపు తట్టాడు.

“అమ్మయ్య, కనబడ్డారా! మెషీన్‌కి ఏమైందండీ?” అన్నాడు ఇంటాయన ఆత్రంగా.

“ఇక మీకు బాధ లేదండీ. ఇప్పుడు కూడా పైన తిరుగుతూనే ఉంది. వినండి!”

ఇద్దరూ విన్నారు. ఏమీ లేదు. లోపలి గదిలో పెద్దావిడ కూడా కప్పు వైపే చూస్తోంది. ఆవిడ పక్కన మంచం మీద కర్ర పడి ఉంది.

ఇంటాయన ముఖం పాలిపోయింది.

“పాత చప్పుడు రాదా?”

“జన్మలో రాదు! ఆ దరిద్రాన్ని ఇప్పుడే సుత్తితో చితక్కొట్టాను.”

ఇంటాయన గుమ్మం పట్టుకుని అన్నాడు: “పక్షవాతంతో పడిపోయి, ఏ డాక్టరూ కదిలించలేని మా అమ్మ కుడిచెయ్యి, మీ మెషీన్ రాగానికి తాళం వెయ్యాలని మొదట చెంచా పట్టుకుంది, తర్వాత కర్ర ఎత్తిందండీ.”