గంపెడు బొగ్గు

"ఏయ్ ముసల్దానా, ఆగు."

వేణుమాధవ్ బ్రేకు నొక్కి సైకిల్‌ను రోడ్డుకు అడ్డంగా నిలబెట్టాడు. వెనక వస్తున్న భార్య రాజకుమారి, మరో నలుగురు మిత్రులు కూడా ఆగారు.

గోదావరి వైపు దిగే రోడ్డు మలుపులో ఒక ముసలమ్మ నడుము వంచి బొగ్గు పెళ్లలు ఏరుతోంది. పక్కన చీపురు, నిండిన గంప. గంప పక్కన ఎండుకంపల మోపు.

వేణుమాధవ్ గోదావరిఖనిలో బొగ్గు ఆఫీసులో అధికారి. తెలంగాణ వచ్చే ముందటేడు ఎండాకాలం ఆయనకు సైకిల్ సరదా పట్టుకుంది. ఆదివారం తెల్లవారగానే కాలనీ వాళ్లను కూడగట్టుకుని గేర్ల సైకిళ్ల మీద పల్లెల్లోకి బయలుదేరేవాడు. ఏటి ఒడ్డున తాటిముంజలు తిని, ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాళ్లు.

"ఎవర్ని అడిగి తీస్కపోతున్నవ్?" అన్నాడు.

"ఎవర్ని అడుగాలె బిడ్డా? రోడ్డు మీద పడ్డది ఏరుతున్న."

"యాడ పడ్డా అది సర్కారు సొమ్ము."

"పోనియ్యుండ్రి," అంది రాజకుమారి. "గంపెడు బొగ్గుకు గింత లొల్లెందుకు?"

"గిట్ల పోనిస్తేనే దొంగలు తయారైతరు."

దొంగ అన్న మాటకు ముసలమ్మ వంచిన నడుము ఎత్తింది. ఏదో అనబోయింది.

వేణుమాధవ్ అప్పటికే గంప ఎత్తాడు. రోడ్డు మీద బోర్లించబోయాడు. ముసలమ్మ పరుగున వచ్చి రెండు చేతులా గంప అంచు పట్టుకుంది.

"వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. నువ్వే తీస్కపో. మొత్తం నువ్వే తీస్కపో. రోడ్డు మీద మాత్రం పొయ్యకు."

"ఇన్నరా? నాకే లంచమిస్తుంది."

మిత్రులు నవ్వారు. ఆయన గంప బోర్లించాడు. పెళ్లలు మలుపంతా దొర్లాయి.

గంపనిండా బొగ్గున్న మనిషి పొయ్యిలోకి కంపలెందుకు ఏరుకుందో ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు. కాంట్రాక్టరు టిప్పర్లు అంచులు దాటి నింపుకుని, పైన టార్పాలిన్ కూడా కప్పకుండా, రోజూ అదే మలుపులో బొగ్గు రాల్చుకుంటూ పోతాయి. వాటి మీద ఈ పెద్దమనిషి ఏనాడూ నోరు మెదపలేదు. గంప మీద మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తిరుగు దారిలో చెక్‌పోస్టు దగ్గర గార్డును పిలిచాడు.

"మలుపు కాడ బొగ్గు దొంగలు పడ్డరు. ఏం చేస్తున్నవ్?"

"ఆమె లస్మవ్వ సార్. ఆమె ఎందుకు ఏరుతదంటే..."

"ఎందుకైతే ఏంది?"

"జర ఇనుండ్రి సార్..."

"నీ నౌకరీ నువ్వు చెయ్. ఇంకోసారి ఆడ కనబడొద్దు."

గార్డు తల వంచుకున్నాడు. మర్నాడు లస్మవ్వ వాడకట్టుకు పోయి, సారు దొంగన్నాడని, మలుపు కాడ కనబడొద్దన్నాడని పదిమందీ వింటుండగా చెప్పి వచ్చాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. చల్లగా గాలి వీస్తోంది. రాజకుమారి అందరికంటే ముందు దిగువకు సైకిల్‌ను వేగంగా పోనిచ్చింది.

మలుపులో ముందు చక్రం బొగ్గు పెళ్ల మీదికెక్కింది. సైకిల్ ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు పడ్డారు. వెనక వస్తున్న టిప్పర్ కీచుమంటూ ఆగింది. దాని టైరుకూ ఆమె తలకూ జానెడు దూరం.

ముంజలు అమ్ముకునే ఎల్లేశం తన గంప దించేసి ఉరికొచ్చాడు. ఆయనా వేణుమాధవ్ కలిసి రాజకుమారిని రోడ్డు పక్క తుమ్మచెట్ల వెనక నీడకు చేర్చారు. మోచెయ్యి విరిగింది. ప్రాణం దక్కింది.

అక్కడ ఉంది, బొగ్గు కుప్ప. ఛాతీ ఎత్తు. అడుగున వానలకు తడిసి, గడ్డి కూడా మొలిచింది.

"గింత బొగ్గు ఎవరు దాచిండ్రు?" అన్నాడు వేణుమాధవ్. అప్పుడు కూడా ఆయనకు దొంగలే గుర్తొచ్చారు.

"దాచుడేంది సారూ. లస్మవ్వ రోజు రోడ్డు ఊడ్సి గీడ పోసేది. ఫస్టు షిఫ్టు సైకిళ్లు రాకముందే ఊడ్సేది."

"ఇంటికి తీస్కపోదా?"

"ఒక్క పెళ్ల తీస్కపోదు. గా బొగ్గు మీద నా బువ్వ ఉడకదంటది. ఆమెది కంపల పొయ్యే."

వేణుమాధవ్ గొంతు తగ్గింది.

"రేపటి సంది రమ్మను. గార్డుకు నేను చెప్త."

"ఏడికెల్లి రమ్మందు సారూ? దొంగ పేరు పెట్టుకొని గీ ఊళ్లె ఎట్ల తిరుగుదునని శ్రీరాంపూర్ల బిడ్డ కాడికి పోయింది. ఇగ రాదు."

రాజకుమారి విరిగిన చెయ్యి పట్టుకుని కుప్ప వైపే చూస్తోంది. కుప్ప మొదట్లో, సగం బొగ్గులో మునిగి, ముందు చక్రం వంకరపోయిన పాత సైకిల్ ఒకటి ఉంది. దాని హ్యాండిల్‌కు తుప్పు పట్టిన టిఫిన్ డబ్బా వేలాడుతోంది.

"గా సైకిల్ ఎవరిదన్నా?"

ఎల్లేశం తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"లస్మవ్వ కొడుకుది చెల్లే. డ్యూటీకి పోతా, నువ్వు జారిన కాడనే జారిండు. ఇయ్యాల నీ ఎనుక టిప్పర్‌కు బ్రేకు పడ్డది, ఆ పొద్దు పడలే."