యూదా కుర్చీ

పవిత్ర గురువారం మధ్యాహ్నం గుళ్ళో చీట్లు తీశాం. సాయంత్రం ఫాదర్ ప్రభువు చేసినట్టే పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడగాలి కదా, ఎవరు ఏ శిష్యుడో ఆ చీట్లే తేలుస్తాయి. నాకు ప్రభువును పట్టిచ్చిన యూదా వచ్చాడు.

జాంబోవాంగా రేవు ఊళ్ళో, మా చేపల ఫ్యాక్టరీ పేటలో ఇది చిన్న సంగతి కాదు. యూదా కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఏడాదంతా ఆ పేరుతోనే పిలుస్తారు. పైగా సమ్మెకు దిగబోయేవాళ్ళ పేర్లు మేనేజరుకు చేరి నెల కాలేదు. తొమ్మిదిమంది ఉద్యోగాలు ఊడాయి. అందరి అనుమానమూ ఐసు మోసే తెరోయ్ మీదే. ఆ మాట అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"ఇదేం అన్యాయం ఫాదర్? అసలు యూదా ఇక్కడే ఉన్నాడుగా! ఏం తెరోయన్నా, నీకెవరొచ్చారు?"

"పేతురు."

"చూశారా! పేర్లమ్మినోడికి పేతురు చేతి పరలోకం తాళాలంట!"

అందరూ పగలబడి నవ్వారు. తెరోయ్ కూడా నవ్వాడు. తన చీటీ నా జేబులో పెట్టి, నా చీటీ తీసుకున్నాడు.

సాయంత్రం పిల్లలు కూడా తెరోయ్‌ని వెక్కిరించారు. ఫాదర్ అతని పాదాలు కడిగి, ముద్దుపెట్టి, నా ముందుకొచ్చి మోకరించారు. నేను దర్జాగా కాలు చాచాను.

పక్క కుర్చీలోంచి తెరోయ్ నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ రోజు మేనేజరు కిటికీ కింద ఐసు దించుతున్నా తమ్ముడూ. తొమ్మిది పేర్లూ నీ నోటే విన్నా. ఎవరికీ చెప్పన్లే. కాళ్ళు బాగా తుడిపించుకో, నేలంతా తడిగా ఉంది, పడతావు."