గొర్ల గంటలు

గొర్లు కాసి నన్ను సాదిన బాపు మీద నాలుగేండ్లు తిప్పలువడి పుస్తకం రాసిన. అచ్చుకిచ్చే ముందు అమ్మకు చదివి వినిపిస్తున్న. మోత్కూరు దవాఖానకు పోయొచ్చి అలసిపోయిన అమ్మ, మంచంల ఒరిగి కండ్లు మూసుకొని వింటాంది.

నా చదువు కోసం బాపు మందనంతా అమ్మిన రోజుతోనే పుస్తకం మొదలైతది. గోడకు వేలాడే గొర్ల గంటలను చూసుకుంటనే ఆ పేజీలన్నీ రాసిన.

అమ్మ కండ్లు తెరిచింది. "మందను అమ్మితే గంటలు గూడ దానెంబడే పోతయి గద బిడ్డా. ఇంట్ల ఎందుకుంటయి?"

నేను గోడకున్న గంటల దిక్కు చూసిన.

"రోగమొచ్చి ఒక్క వారంల అన్నీ సచ్చినయి. నీకు తెలిస్తే హాస్టలు ఇడిసిపెట్టి వస్తవని, అమ్మిన అని చెప్పిండు."

"మరి నన్ను ఎట్ల చదివించిండ్రు?"

"ఎనిమిదేండ్లు నాట్లకు, కలుపుకు నేను పోలేదా?" అని అమ్మ అటు తిరిగి పండుకున్నది. "గట్లనే ఉండనియ్యి. మీ బాపు మాట పోనియ్యకు."

కాయితాలు మల్ల మొదటి నుంచి తిప్పిన. రెండువందల పేజీలల్ల అమ్మ రెండేసార్లు వచ్చింది. రెండుసార్లూ నాకు బువ్వ పెట్టి పోయింది.