జంట కసరత్తు

"మోకాళ్ళు కాస్త వంచన్నా. చేతులు నిదానంగా పైకి. ఊపిరి కడుపు దాకా దిగాల," అన్నాడు కొండలయ్య.

ఉదయగిరి బజారులో కిరాణా కొట్టు నడిపే రమణయ్య శెట్టి పెరట్లో పంచె ఎగ్గట్టి చేతులు లేపాడు. పక్కనే భార్య హనుమాయమ్మా లేపింది. కొండలయ్య యుద్ధకాలంలో రంగూను నుంచి నడిచొచ్చినవాడు. అక్కడ ఓ చీనా వడ్రంగి నేర్పిన ఊపిరి సాధన ఇది. గుండెకు బలం, మనసుకు నెమ్మది అంటాడు. ఊరు నవ్వుతుంది. నవ్వరూ మరి, గుండెలు బాగున్నవాళ్ళు!

"వదినెందుకన్నా? ఇది ఒంటిగా చేసుకునేదే," అన్నాడు కొండలయ్య.

"సత్యనారాయణ వ్రతానికి మొగుడొక్కడే పీటల మీద కూచుంటాడా? ఆమె పక్కన లేకుంటే నాకు ఫలించదు," అని కసిరాడు రమణయ్య.

ఇంకేం, హనుమాయమ్మ మానుతుందా! తనకు జ్వరమొస్తే మిరియాల కషాయమైనా కాచుకోని మహాతల్లి, మొగుడి కోసమంటే నిప్పులైనా తొక్కుతుంది.

ఆమధ్య సరుకు కోసం నెల్లూరు పోతూ రమణయ్య ఆమెనూ తీసుకెళ్ళాడు. తన దగ్గుకు మందడుగుదామని పోతే, ఎటూ వచ్చారు కదా అని అక్కడి డాక్టరు ఇద్దరినీ పరీక్ష చేశాడు. ఆమెను బయట కూర్చోమని రమణయ్యతో చాలాసేపు మాట్లాడాడు.

"నా గుండె చెడిపోయిందంట. మందులకు లొంగేది కాదంట," అన్నాడు రమణయ్య బయటికొచ్చి.

బస్సు ఆత్మకూరు దాటేదాకా హనుమాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది.

అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. తెల్లారుజామున హనుమాయమ్మ బావిలో నీళ్ళు తోడితే గిలక చప్పుడుకు తన గుండె అదురుతుందని, పొద్దెక్కాక నీళ్ళు మోయడానికి రమణయ్య పనిమనిషి ఓబులమ్మను పెట్టాడు. హనుమాయమ్మేమో ఉపవాసాలు మొదలెట్టింది. మనిషి సగమైంది.

"తినవే! నువ్విట్టా ఎండిపోతే నేనేం కావాల?"

"మీరు బాగుపడితే నేనూ తింటా."

"ఏడుపన్నా మాను."

"ఏడుపేంది, ఎప్పుడేడ్చినాను?" అంటూ కళ్ళు తుడుచుకునేది.

రమణయ్య తట్టుకోలేక కొండలయ్య ఇంటికి పోయాడు. "మనసులో బెంగ పెట్టుకుని చేస్తే ఈ కసరత్తు పనిచేస్తాదా?"

"చెయ్యదన్నా. బెంగ ఉంటే ఊపిరి దిగదు. గుండె ఇంకా కుంగిపోతాది. నువ్వు దిగులు మానుకో."

దిగులు మానుకోవాలట! తన చేతిలో ఉందా అది? నిజం చెప్పేద్దామని ఇంటికొచ్చాడు. హనుమాయమ్మ పెరట్లో నిలబడి ఉంది. "రండి, వేళైంది," అంటూ చేతులు లేపింది. సగంలోనే దించేసింది.

"ఆయాసమా?"

"నాకేంది, గుండ్రాయిలా ఉండాను. మీ సంగతి చూసుకోండి."

ఆయన నోరు తెరిచేలోగా ఆమె దేవుడి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలి నుంచి మాటలు వినబడ్డాయి.

"పెంచలకోన సామీ! ఆయన కంటే ముందు నన్ను తీసుకపో. పసుపు కుంకాలతో పోతా. ఇంకేమీ అడగను."

రమణయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

డాక్టరు చెడిపోయిందన్నది ఆమె గుండె.