శాంతి ప్రకటన తర్వాత

తుర్కు నగరం నుంచి రేడియోలో క్రిస్మస్ శాంతి ప్రకటన అయిపోయింది. పండగ రోజుల్లో ఈ శాంతిని చెడగొట్టినవాళ్లకు శిక్ష కఠినంగా ఉంటుందని ఏటా చదివినట్టే చదివారు. హిల్కా రేడియో కట్టేసింది. తమ్ముడి చంకల కింద చేతులు వేసి అతణ్ణి పెరట్లోకి ఈడ్చింది.

తౌనో బరువైన మనిషి. అతని మడమలు మంచులో రెండు చాళ్లు గీశాయి.

“దొంగని ఈడ్చినట్టు ఈడుస్తున్నావేంటక్కా?”

“నోర్ముయ్. ఊపిరి దాచుకో, పనికొస్తుంది.”

ఆవిరిగదిలో పొద్దుటి నుంచి పొయ్యి మండుతోంది. హిల్కా అతణ్ణి చెక్కబల్ల మీదికి తోసింది. బట్టలు లాగేసి బోర్లా పడుకోబెట్టింది. మొహం గోడవైపు తిప్పింది.

“కళ్లు మూసుకో. తెరిచావంటే చన్నీళ్లు కుమ్మరిస్తా.”

ఎండిన బర్చ్ రెమ్మల కట్టను నీళ్లలో ముంచి కొట్టడం మొదలుపెట్టింది. క్రిస్మస్ ముందురోజు ప్రతి ఇంటి ఆవిరిగదిలోనూ ఆ చప్పుడు వినిపిస్తుంది. ఒంటికి ఆవిరి పట్టడానికి అందరూ రెమ్మలతో కొట్టుకుంటారు. ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలేదాకా మాత్రం ఎవరూ కొట్టరు. హిల్కా కొట్టింది.

“చెప్పు.”

“ఏం చెప్పను?”

“ఒక్క మాట చాలు. అది నీ నోట్లోంచి వచ్చిందంటే సోమవారం వచ్చే బండిని వెనక్కి పంపిస్తా.”

“లేని మాట ఎక్కణ్ణుంచి తేను? వెళ్లి వంట చూసుకో. పంది తొడ మాడిపోతుంది.”

“మాడనీ.”

పుల్లలు విరిగిపోయాయి. హిల్కా మూల నుంచి జూనిపర్ కొమ్మ తీసింది. దాని ఆకులు సూదుల్లా ఉంటాయి. తౌనో పిక్కల మీద నెత్తురు చుక్కలుగా లేచింది. చుక్కలు గీతలయ్యాయి. గీతలు బల్ల మీదికి కారాయి.

తౌనో కదల్లేదు.

“ఇంతేనా నీ బలం?” అన్నాడు. “చిన్నప్పుడు నీ స్కీలు విరగ్గొట్టినందుకు ఇంతకన్నా బాగా తన్నావు.”

“దేవుణ్ణి అడుగు, ఆ మాట ఇమ్మని.”

“నీ దేవుడు మన ఊరి దారి మర్చిపోయాడు.”

కొమ్మ మళ్లీ పడింది.

“మనిద్దర్నీ అమ్మ కన్నది ఈ బల్ల మీదే,” అంది హిల్కా. “ఆయన్ని వాళ్లమ్మ గొడ్లపాకలో కంది. ఇలాంటి చోటికి ఆయనకి నేను దారి చెప్పాలా?”

“మరి ఏడాదంతా ఏం చేస్తున్నాడు?”

“వస్తున్నాడు.”

“నడిచొస్తున్నాడేమో పాపం.”

“నవ్వు, బాగా నవ్వు. నువ్వు ఆ మాట అనేదాకా నా చెయ్యి ఆగదు.”

పక్కింటి ఎయ్నారి సమాధుల దగ్గర వెలిగించడానికి కొవ్వొత్తులు తీసుకుని అప్పుడే బయల్దేరాడు. చప్పుడు విన్నాడు. మంచులో చాళ్లు చూశాడు. వాటి వెంట వచ్చి తలుపు తన్నాడు.

“హిల్కా! మతి పోయిందా? శాంతి ప్రకటించి గంట కాలేదు!”

“తలుపు మూయి బాబాయ్. వేడి పోతోంది.”

ఎయ్నారి బల్ల మీది నెత్తురు చూశాడు. ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఆమె మోచేత్తో అతని మూతి మీద పొడిచింది. పెదవి చిట్లింది. అతను ఆమెను చెంప మీద కొట్టాడు. ఆమె తల గోడకు తగిలింది. గోడను పట్టుకుని లేచింది.

“పారిపోలేనివాణ్ణి కొడతావా?” ఎయ్నారి నెత్తురు ఉమ్మాడు. “సోమవారం ఎలాగూ తీసుకుపోతారుగా. అందాకా ఓపిక పట్టలేవా?”

“నాకున్న గడువు అందాకానే.”

“బాబాయ్,” తౌనో గోడతోనే అన్నాడు. “నిన్నెవరు పిలిచారు? పోయి నీ కొవ్వొత్తులు వెలిగించుకో. నాకూ ఒకటి మిగల్చు, వచ్చే ఏటికి పనికొస్తుంది.”

“వాడికి అక్కర్లేదు!” హిల్కా అరిచింది.

ఎయ్నారి ఆమెను వెనక నుంచి పట్టుకున్నాడు. ఆమె తన్నింది. నీళ్ల బకెట్టు పొయ్యి రాళ్ల మీదికి ఒరిగింది. గదంతా ఆవిరి కమ్మింది. ముగ్గురూ దగ్గారు. ఎయ్నారి పట్టు సడలింది. ఆమె కింద తడిమి కొమ్మ అందుకుంది.

“ప్రభువా, నా చేతుల్లో ఇంక బలం లేదు,” అంది. “రేపటిదాకా ఆగకు. ఇప్పుడే రా.”

కొట్టింది.

“అబ్బా!”

హిల్కా చెయ్యి ఆగింది. రాళ్లు చిటపటలాడాయి.

“ఏమన్నావు?”

“అబ్బా అన్నాను. చెవుడా?” తౌనో మొహం ఇంకా గోడవైపే ఉంది. అతని భుజాలు కదులుతున్నాయి. “ఇంకోటి కొట్టు.”

హిల్కా కొట్టలేదు. కొమ్మ పారేసింది. మోకాళ్ల మీద కూలబడి, నెత్తురు కారుతున్న పిక్కకు నుదురు ఆనించింది.

“బాబాయ్, పరిగెత్తు, ఆసుపత్రికి ఫోన్ చేసి వీణ్ణి నయంకానివాళ్ల వార్డుకి తీసుకెళ్లడానికి సోమవారం బండి పంపొద్దని చెప్పు,” అంది, “మే నెలలో జబ్బు తిరగబెట్టి చచ్చుబడిపోయిన కాళ్లకి నొప్పి తెలిసిందని చెప్పు!”