పచ్చాకు పొగ

“మా ఇంటిదానికి తెల్లారగట్ల నుంచీ నొప్పులొత్తన్నాయి బాబూ. తొలిసూలు. ఇయ్యాల నన్నొగ్గీండి,” అన్నాడు గాసి, తలకి చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని.

“నెమ్మదిగా! సారు వింటారు,” అని వరహాలరావు పళ్ళు బిగించాడు. “ఈ ఇంజను నడపడం నీకొక్కడికే వచ్చు. రెండు గంటల్లో తిరిగొచ్చేస్తాం. మీ ఊళ్ళో మంత్రసానులు లేరా ఏటి?”

వరహాలరావు ఏజెన్సీకి వచ్చి ఆరేళ్ళయింది. విశాఖకి బదిలీ చెయ్యమని పైనుంచి మాట కూడా వచ్చింది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! ఆ పూజారే హైదరాబాదు నుంచి వచ్చిన సర్వేశ్వరరావు. ఆయనకి అరకు చూపించడం అయింది, గుహలు అయ్యాయి, వలిసె పూలలో నిలబెట్టి ఫోటోలు తియ్యడం అయింది. ఇక మిగిలింది పెదబయలు అవతల జలాశయంలో పడవ షికారు.

సర్వేశ్వరరావు మంచివాడే. పడవెక్కుతూ గాసి భుజం తట్టి పేరడిగాడు. గుడ్డ కప్పు కింద బెంచీ చూసి ముచ్చటపడ్డాడు.

“మనిషి పొడవునా ఉందే! హాయిగా పడుకుని కొండలు చూడొచ్చు.”

“మీకోసమేనండీ,” అన్నాడు వరహాలరావు. బెంచీ నెత్తిన వేలాడుతున్న కొక్కేనికి ఆయన కెమెరా సంచి తగిలించాడు. మూల ఉన్న నీలం పెట్టె తెరిచి, ఐసులోంచి బీరు సీసా తీశాడు.

“భలే అమర్చావయ్యా! అన్నట్టు, పడవ పక్కకి ఆ టార్పాలిన్ కట్టారేం?”

“కొత్త రంగండీ. మీ బట్టలకి అంటుకుంటుందని.”

గాసి తాడు లాగి ఇంజను వేశాడు. ఎవరి వంకా చూడలేదు.

ముంపులో మునగ్గా మిగిలిన కొండల మధ్య నీళ్ళు సన్నని పాయలుగా చీలాయి. మూడో మలుపు తిరిగాక సర్వేశ్వరరావు చెయ్యెత్తాడు.

“ఇక్కడ ఆపించు. పిట్ట కూత తప్ప ఇంకో చప్పుడు లేదు. ఉద్యోగంలో పడ్డాక ఇంత నిశ్శబ్దం వినలేదయ్యా.”

గాసి లంగరు వేశాడు. వాళ్ళ ఊరు కుడివైపు కొండ వెనకే. పడవలో అరగంట, నడిస్తే ఒక పూట.

ఒక సీసా అయి రెండోది తెరిచేసరికి, ఆ కొండ మీదుగా తెల్లటి పొగ లావుగా లేచింది.

“ఏమిటది?”

“పోడు కాలుస్తున్నారండీ,” అన్నాడు వరహాలరావు తడుముకోకుండా. కార్తీకంలో పోడు ఎవరూ కాల్చరు. ఆ సంగతి హైదరాబాదులో ఎవరికి తెలుసు? సర్వేశ్వరరావు కెమెరా తీసి ఫోటో తీసుకున్నాడు.

గాసి లంగరు తాడు మీద చెయ్యేశాడు. “ఎల్లిపోదాం బాబూ. బేగి ఎల్లిపోదాం.”

వరహాలరావు లేచి ఇంజను తాడు తీసి తన జేబులో పెట్టుకున్నాడు. “సారు ఎప్పుడంటే అప్పుడే,” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు సారు కోసం.

సర్వేశ్వరరావు బెంచీ మీద వాలి కునుకు తీశాడు. గాసి పడవ అంచున గొంతుక్కూర్చుని పొగ వంకే చూశాడు. చాలాసేపటికి అది పలచబడింది. తరవాత ఆగిపోయింది.

“అరెరే, పొగ ఆరిపోయిందే!” అన్నాడు సర్వేశ్వరరావు నిద్ర లేచి. “ఇంకో ఫోటో తీద్దామనుకున్నాను. సరే, పోదాం పదండి.”

వరహాలరావు ఇంజను తాడు ఇచ్చేశాడు. గాసి దాన్ని తీరిగ్గా చుట్టాడు. పడవ మెల్లగా కదిలింది.

“ఇందాక తెగ తొందరపడ్డావుగా?” అన్నాడు వరహాలరావు.

“ఇప్పుడేటీ తొందర్నేదు బాబూ.”

రేవులో దిగాక సర్వేశ్వరరావు వెనక్కి తిరిగాడు. “ఏం గాసీ, మొహం అలా ఉందేం?”

వరహాలరావు కళ్ళు ఉరిమాడు. గాసికి ఇక ఆ కళ్ళంటే భయం లేదు.

“అది పోడు కాదు బాబూ. మనిసికి పేనం మీదకొత్తే మావోళ్ళు రేవులో పచ్చాకు పొగేత్తారు, ఎవులైనా వత్తారని. నా ఇంటిదానికి పొద్దున్నుంచీ నొప్పులు. మనిసుంటే ఆ పొగార్పరు బాబూ.”

సర్వేశ్వరరావు చేతిలోంచి కెమెరా సంచి జారింది. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

“అయ్యో... దారే లేని ఇలాంటి ఊళ్ళకి ప్రభుత్వం ఒక్క ఆసుపత్రి పడవైనా ఇచ్చి ఉంటే!”

వరహాలరావు తన బూట్ల వంక చూసుకున్నాడు. గాసి వంగి పడవ పక్కన టార్పాలిన్ ముడి విప్పాడు.

“ఇచ్చింది బాబూ, తవరు దిగిందదే.”